నలభై ఏడు సీసాలు

తొమ్మిదో సీసా కూడా పగిలింది.

ఈసారి పెద్ద చప్పుడేమీ రాలేదు. మరిగే నీళ్ళ అడుగున ఎవరో గొంతు సవరించుకున్నట్టు చిన్న శబ్దం వచ్చింది, అంతే. చూస్తుండగానే గిన్నెలో నీళ్ళన్నీ ఎర్రబడ్డాయి. కోడలు పొయ్యి ఆపి, పట్టకారుతో సీసాను పైకి లేపింది. సీసా వచ్చింది గానీ అడుగు రాలేదు. అది గుండ్రంగా, కత్తితో కోసినట్టు ఊడి గిన్నెలోనే ఉండిపోయింది.

"తొమ్మిది," అన్నాడు మామగారు, బల్ల దగ్గర కూర్చుని, పత్రిక మీంచి తల ఎత్తకుండానే.

ఆయన మాటలో వెటకారం లేదు. ముప్పై ఏళ్ళు తపాలా ఆఫీసులో పార్సిళ్ళ కౌంటరు దగ్గర కూర్చుని రిటైరైన మనిషి. లెక్క తప్పకుండా చెప్పడం కూడా సాయమే అని ఆయన నమ్మకం. ఏ వస్తువునైనా బొటనవేలితో ఒకసారి నొక్కి చూస్తే గాని అది మూసుకుందంటే ఆయన మనసు ఒప్పుకోదు. పంచదార డబ్బా మూత, కవరు అంచు, వీధి తలుపు గడియ, ఆఖరికి కోడలి తలనొప్పి మందు డబ్బీ, అన్నిటి మీదా రోజుకోసారి ఆ వేలు పడాల్సిందే.

అత్తగారు మాత్రం ఏమీ అనలేదు. గుమ్మం దాకా వచ్చి, గిన్నెలోకి ఒకసారి చూసి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. నిన్నటి నుంచీ ఆవిడ వరస ఇదే. సీసా పగిలినప్పుడల్లా వస్తుంది, చూస్తుంది, వెళ్తుంది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదని కోడలికి అనిపించింది.

ముందు గదిలో పన్నెండు పెట్టెల టమాటాలు గోడవారగా పేర్చి ఉన్నాయి. ఇంట్లో వాళ్ళ కష్టాలతో టమాటాలకి పనిలేదు. వాటి దారిన అవి ఎర్రబడతాయి, మెత్తబడతాయి, ఆ తర్వాత కుళ్ళుతాయి. శనివారం పొద్దున్న పది గంటలకల్లా, నెలల తరబడి నిల్వ ఉండేలా టమాటాలు నింపి నీళ్ళలో మరగబెట్టిన నలభై సీసాలు పిల్లల హాస్టలుకి చేరాలి. ఇవాళ గురువారం.

ఈ నలభై సీసాలు బాగుంటే ఏడాది పొడుగునా నెలనెలా తనే తీసుకుంటానని హాస్టలు వార్డెనమ్మ మాట ఇచ్చింది. బాగోకపోతే సోమవారం కోడలు మళ్ళీ ఇస్త్రీ హాలుకి వెళ్ళాలి. ఆ హాల్లో ఆవిరి మధ్య రోజుకి పది గంటలు నిలబడి, కాళ్ళు దుంగల్లా వాచిపోయి, రెండు నెలల కింద మిషను పక్కనే కళ్ళు తిరిగి పడిపోయిందామె. మేస్త్రీ మంచివాడు. సోమవారం దాకా ఆమె చోటు ఎవరికీ ఇవ్వనన్నాడు. ఆ మంచితనం గుర్తొస్తేనే ఆమెకి మోకాళ్ళు నొప్పి పుడుతున్నాయి.

మధ్యాహ్నం భోజనాల దగ్గర గొడవ జరిగింది. భర్త బస్సు డిపోలో మెకానిక్కు. డిపో దగ్గరే కాబట్టి తినడానికి ఇంటికే వస్తాడు. చేతులకున్న గ్రీజు రుద్దుకుంటూ గిన్నె కేసి చూసి, చవగ్గా దొరికాయని నాలుగు డజన్లు మోసుకొచ్చినప్పుడే తను చెప్పానన్నాడు. బటన్లూ పంచదారా పోసుకునే సీసాల్ని గంటసేపు మరిగే నీళ్ళలో కూచోబెడితే అవి మాత్రం ఏం చేస్తాయన్నాడు.

మంచివి మూడింతల ధర అనీ, ఆ ధర పెట్టడానికి సిద్ధపడ్డా పది రోజులకి గాని రావని కొట్టువాడు చెప్పాడనీ ఆమె అంది. ఈ రెండు ముక్కలూ వారం నుంచి పదిసార్లు అయ్యాయి. పదకొండోసారి అనుకునేసరికి ఇద్దరికీ గొంతు పెరిగింది.

అత్తగారు వాళ్ళ మాటలేవీ విననట్టే కూర గిన్నె తన వైపు లాక్కుంది. చెంచాతో కొంచెం తీసుకుని నోట్లో వేసుకుని, ఒక నిమిషం ఆగి, అప్పుడు గిన్నెను కొడుకు ముందుకి జరిపింది.

ఎనిమిదేళ్ళ కాపురంలో ఈ చెంచా ఒక్కపూట కూడా తప్పలేదు. కోడలు వండినది ఏదైనా సరే, ముందు ఆవిడ నోట్లో పడాలి, ఆ తర్వాతే కొడుకు కంచంలోకి. కొత్తలో ఆమె ఏడ్చింది. తర్వాత పళ్ళు నూరింది. ఇప్పుడు అలవాటైపోయింది గానీ, ఇవాళ మాత్రం ఆ చెంచా చూడగానే ఒళ్ళు మండింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, మూత తీసి గిన్నె మీద దభీమని వేసింది.

మామగారు చెయ్యి చాపి, ఆ మూతని బొటనవేలితో సరిగ్గా నొక్కి పెట్టాడు.

ఆమె సంచిలో నాలుగు మూతలు వేసుకుని బయల్దేరింది.

పాతసామాన్ల కొట్టు రైలు గేటు పక్కన ఉంది. రేకుల కప్పు కింద కట్టలు కట్టిన పత్రికలు, చక్రాల్లేని సైకిళ్ళు, గోనెసంచుల నిండా సీసాలు. కొట్టు యజమాని బాగా పెద్దవాడు. కళ్ళజోడులో ఒక అద్దానికి గీత పడింది. ఆ గీత లేని వైపు నుంచే ప్రపంచాన్ని చూస్తాడు కాబట్టి, మనిషి ఎప్పుడూ తల కొంచెం వంచి ఉంటాడు.

వెడల్పు మూతి సీసాలు కావాలనగానే ఆయన ఒక గోనెసంచి గుమ్మరించాడు. ఇరవై దాకా ఉన్నాయి. తీసుకునే ముందు ఎలా చూడాలో కూడా ఆయనే చెప్పాడు. సీసా అంచు చుట్టూ బొటనవేలి గోరు తిప్పాలి. గోరు ఎక్కడ తట్టుకున్నా ఆ సీసా పనికిరాదు, అక్కణ్ణుంచి గాలి వెళ్తుంది. తర్వాత వెలుతురుకి పెట్టి అడుగు చూడాలి. ఆఖర్న తాళంచెవితో కొట్టి వినాలి. మంచి సీసా ఖంగుమంటుంది, బీట ఉన్నది జలుబు చేసినట్టు పలుకుతుంది.

ఆమె ఒక్కోదానికి గోరు తిప్పింది. పదకొండు పోయాయి. మిగిలిన తొమ్మిదింటికీ మూత పెట్టి చూస్తే ఒక్కదానికీ సరిపోలేదు. అన్నీ కాఫీపొడి సీసాలు, తలా ఒక కొలత.

ఆమె అక్కడే ఒక పత్రికల కట్ట మీద కూలబడింది. ఏడవకూడదనుకుంది. ఏడుపు మాత్రం వచ్చేసింది.

ముసలాయన ఆమె చేతిలోని మూత తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. అది రెండు ముక్కల మూత. రబ్బరు అంచున్న బిళ్ళ ఒకటి, దాన్ని పట్టి ఉంచే రింగు ఒకటి.

"ఎవరింటి పిల్లవమ్మా నువ్వు?" అని అడిగాడు.

తపాలా ఆఫీసులో పార్సిళ్ళ కౌంటరు ఆయన కోడలినని చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని ఆమెని చూశాడు.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది తల్లీ నీ పని. ఇదే కొలతవి నాలుగు డజన్లు మీ అత్తగారికి నేనే అమ్మాను. పళ్ళరసాల ఫ్యాక్టరీ మూసేసినప్పుడు కొన్న సరుకు. ఈ మందాన ఉంటుంది గాజు." వేలు చూపించాడు. "బండి మీంచి పడేసినా పగలనివి."

"ఎప్పుడు బాబాయ్?"

"ముప్పై ఏళ్ళవుతుందేమో. అమ్మేసిందా? నాకు కాకుండా ఇంకెవరికి అమ్ముతుంది?"

తిరిగి వచ్చేటప్పుడు ఆమెకి బస్సు ఎక్కాలనిపించలేదు. నడుస్తూనే అంతా నెమరేసుకుంది. అటక మీద గోనెగుడ్డ కప్పిన రెండు చెక్కపెట్టెలు. పాత పుస్తకాలు, ముట్టుకోవద్దు అని కాపురానికి వచ్చిన మొదటి వారమే చెప్పిందావిడ. నిన్న మొదటి సీసా పగిలినప్పుడు గుమ్మంలో నిలబడి చూసింది. అయిదోది పగిలినప్పుడూ చూసింది. ఇవాళ తొమ్మిదోది పగిలినా నోరు మెదపలేదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారు. ఈవిడ అంతకంటే ఘనురాలు.

ఇంటికి వచ్చేసరికి మామగారు క్షవరానికి వెళ్ళాడు. అత్తగారు వరండాలో కూర్చుని దిండు గలీబు కుడుతోంది. కోడలు చెప్పులు విప్పకుండానే ఎదురుగా నిలబడింది.

"అటక మీద ఉన్నవి పుస్తకాలు కావటగా అత్తయ్యా."

సూది ఆగింది.

"నా సీసాలు ఒక్కోటీ పగులుతుంటే వచ్చి చూసి వెళ్ళారు. ఒక్క మాట చెప్పలేదు. నేను సోమవారం ఆ హాలుకి పోతేనే మీకు బాగుంటుందా?"

అత్తగారు దారం తెంపి, సూదిని గలీబుకే గుచ్చింది. ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే కోడలికి తేలిగ్గా ఉండేది. దారంతా సిద్ధం చేసుకున్న మాటలు ఎన్నో ఆమె నాలుక చివర ఉన్నాయి.

"పగిలిన సీసా ఎవర్నీ ఏమీ చెయ్యదు," అంది ఆవిడ. "టమాటాలు పోతాయి, అంతే. నాకు పగలని సీసాలంటేనే భయం."

తర్వాత అంతా మెల్లగా, ఎక్కడా తడుముకోకుండా చెప్పింది. ఇన్నేళ్ళూ లోపల చెప్పుకుంటూనే ఉన్న మనిషికి తడుముకోవాల్సిన అవసరం రాదు. ఇరవై ఏడేళ్ళ కిందట, కొడుక్కి ఆరేళ్ళప్పటి సంగతి. ఆ ఏడు ఆవిడ నలభై ఎనిమిది సీసాలూ నింపింది. మూడు నెలల తర్వాత ఒక సీసా విప్పి పిల్లాడికి పెట్టింది. మూత లోపలికి దిగి బిగుసుకునే ఉంది, రంగు బాగానే ఉంది. తను ముందు తినలేదు. తర్వాత తిందాంలే అనుకుంది. ఆ సాయంత్రానికి పిల్లాడు వేలాడిపోయాడు. పదహారు రోజులు ఆస్పత్రి. అందులో రెండు రోజులు డాక్టరు ఆవిడ మొహం చూడకుండానే మాట్లాడాడు.

పిల్లాడు బతికాడు. ఇంటికి వచ్చాక ఆవిడ అత్తగారు, అంటే ఈ ఇంటి పెద్దావిడ, నలుగురి ముందూ ఒకే మాట అంది. కన్న చేత్తోనే పెట్టావు కదే అని. ఆవిడ పోయి ఇరవై ఏళ్ళయినా, ఆ మాట మాత్రం ఈ ఇంట్లోనే కాపురం ఉంది.

"ఎక్కడ తప్పు చేశానో ఇప్పటికీ తెలీదమ్మాయ్. అన్నీ కడిగాను, కాచాను, నిమ్మరసం పోశాను, గంట కొట్టినట్టు టైము చూశాను. నా చేతిలోనే ఏదో ఉందనుకున్నాను. అందుకే వాడికి ఏం పెట్టినా ముందు నేను తింటాను. నీ వంట బాగోలేక కాదు."

కోడలు చెప్పులు విప్పి ఆవిడ పక్కనే మెట్టు మీద కూర్చుంది. ఎనిమిదేళ్ళ కోపం ఒక్కసారిగా దిగిపోతే, అది ఉన్నచోట ఖాళీగా, సిగ్గుగా ఉంటుంది. ఆమెకి అలాగే ఉంది. సీసా అంటే మొహం తిప్పుకునే భర్తని ఇన్నాళ్ళూ తిండి దగ్గర పెంకి మనిషి అనుకుంది. పాపం అనిపించింది.

కాసేపటికి, తను నేర్చుకున్న పద్ధతి చెబుతానని, తప్పు ఎక్కడ జరిగి ఉంటుందో చూద్దామని అంది. మహిళాకేంద్రంలో పది రోజులు క్లాసు చెప్పిన టీచరు చెప్పినవన్నీ వరసగా చెప్పింది. ప్రతిదానికీ అత్తగారు తనూ అలాగే చేశానని తలూపింది. ఆఖరిది చెప్పింది కోడలు. సీసాలు బయటికి తీశాక తెల్లారేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. చల్లారేకొద్దీ లోపలి గాలి బిళ్ళని తనే కిందికి లాక్కుంటుంది, టక్కుమని చప్పుడవుతుంది. దానంతట అది దిగిందే నిజంగా దిగినట్టు. వేలితో నొక్కి దింపితే పైకి దిగినట్టే కనిపిస్తుంది గానీ లోపల పట్టు ఉండదు.

"నేనసలు ఆ గదిలోకే వెళ్ళేదాన్ని కాదు," అంది అత్తగారు. "గాలి తగులుతుందని తలుపు కూడా దగ్గరికేసేదాన్ని."

ఇద్దరికీ తప్పు దొరకలేదు.

సాయంత్రం కొడుకు రాగానే ఆవిడే నిచ్చెన తెచ్చి గోడకి ఆనించింది. పెట్టెలు దించరా అంది. అతను తల్లి మొహం చూశాడు, తర్వాత భార్య మొహం చూశాడు. ఎందుకమ్మా ఇప్పుడు అన్నాడు. దించరా అంది ఆవిడ మళ్ళీ.

అతను ఒక్కో సీసా అందిస్తుంటే ఇద్దరు ఆడవాళ్ళూ కింద అందుకున్నారు. బరువైన, కొంచెం పచ్చదనం ఉన్న గాజు. కోడలు ప్రతిదాని అంచు మీదా గోరు తిప్పింది. ఒక్కచోట కూడా తట్టుకోలేదు. తాళంచెవితో కొడితే ఇల్లంతా ఖంగుమంది.

"నలభై ఏడే ఉన్నాయి," అన్నాడు అతను నిచ్చెన మీంచి.

"ఒకటి నేనే పగలగొట్టాను," అంది అత్తగారు.

అతను కిందికి దిగి, కాసేపు ఆ సీసాల వరస కేసి చూసి, మొహం కడుక్కోడానికి వెళ్ళిపోయాడు. ఆవిడ కోడలి చెయ్యి పట్టుకుని షరతు పెట్టింది. వీటిలో ఏ ఒక్క మూత మీద అనుమానం వచ్చినా సరే, ఒక్క సీసా కూడా గడప దాటడానికి వీల్లేదు. అవతల తినేది పిల్లలు. ఒకసారి పడ్డది చాలు. కోడలు ఒప్పుకుంది. ఒప్పుకోక చేసేదేముంది, ముందు నుయ్యి వెనక గొయ్యి.

శుక్రవారం తెల్లవారకుండానే పొయ్యి వెలిగింది.

పెద్ద గిన్నెలో ఏడు సీసాలు పడతాయి. ఆరు వాయిలు, నలభై రెండు సీసాలు. నలభై హాస్టలుకి, రెండు ఇంటికి. కోడలు టమాటాల తోలు తీస్తుంటే అత్తగారు సీసాలు వేడినీళ్ళలో ఉంచి అందించింది. మొదటి వాయి ఇద్దరూ ఊపిరి బిగబట్టి చేశారు. నీళ్ళు మరిగాయి, సీసాలు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి, ఒక్కటీ పగల్లేదు.

తీసిన సీసాల్ని ముందు గదిలో బల్ల మీద, తువ్వాలు పరిచి, మధ్యమధ్య బెత్తెడు ఖాళీ వదిలి నిలబెట్టారు. పావుగంటకి మొదటి టక్ వినిపించింది. అత్తగారు చేతిలో ఉన్న చెంచా అలాగే పట్టుకుని నిలబడిపోయింది. రెండోది. మూడోది. ఏడూ అయ్యేదాకా ఆవిడ కదల్లేదు.

రెండో వాయి నుంచి ఆవిడ మాట మారింది. మూడో వాయికి, కోడలు నిమ్మకాయ పిండే పద్ధతి చూసి నవ్వింది. నిమ్మకాయతో పోట్లాడుతున్నావా, రసం అడుగుతున్నావా అంది. నాలుగో వాయికి తన చిన్ననాటి సంగతులు చెప్పింది. అయిదో వాయి మరుగుతుండగా ఇద్దరూ ఒకే పళ్ళెంలో తిన్నారు. ఈ ఇంట్లో ఇలాంటి రోజు ఒకటి వస్తుందని ఎవరైనా చెబితే కోడలు నమ్మేది కాదు. ఆమెకి సంతోషంగా ఉంది. చాలా సంతోషంగా ఉంది.

ఆఖరి వాయి తీసేసరికి సాయంత్రం నాలుగున్నర. అత్తగారు వంటిల్లు సర్ది, ఆనక తలస్నానానికి వెళ్ళింది. కోడలు వంటింట్లో గిన్నె తోముతూ లెక్క పెట్టుకుంది. ఆరు దిగాయి. ఏడోదాని చప్పుడు రాలేదు. కొన్ని ఆలస్యంగా దిగుతాయిలే అనుకుంది. అరగంట గడిచింది. గంట గడిచింది.

టక్.

హమ్మయ్య అనుకుని, చెయ్యి తుడుచుకుంటూ ముందు గదిలోకి తొంగిచూసింది.

మామగారు బల్ల మీదికి వంగి ఉన్నాడు. చివరి వరసలో ఉన్న సీసా మూత మీంచి బొటనవేలు అప్పుడే తీస్తున్నాడు. కోడలిని చూసి తృప్తిగా నవ్వాడు.

"ఇదొక్కటి మొండికేసిందమ్మా. నేనే దింపాను."

ఇంకేమైనా నొక్కారా అని అడిగింది. పొద్దున ఇంకొకటి అన్నాడాయన, అది ఏదో గుర్తులేదు. పూర్వం మీ అత్తయ్య తలుపు వేసుకుని వెళ్ళిపోయేది, అప్పుడు కూడా తనే వచ్చి చూసుకునేవాణ్ణి అన్నాడు. పాపం ఒక్కతే ఎంతని చేస్తుంది అన్నాడు. తర్వాత కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని పత్రిక తెరిచాడు.

కోడలు గోడకి ఆనుకుంది. ఇరవై ఏడేళ్ళ నాటి సీసా ఆమె కళ్ళ ముందే ఉంది. పైకి దిగినట్టే ఉన్న మూత. ఎర్రగా, శుభ్రంగా కనిపించే సీసా. దాని మీద ప్రేమగా ఒక వేలు.

చెప్పకపోతే ఏమవుతుంది? రేపు పొద్దున రింగులన్నీ విప్పి, ఒక్కో బిళ్ళని అంచు పట్టుకుని లేపి చూస్తే సరి. పట్టు ఉన్నవి సీసాతో సహా లేస్తాయి, నటించేవి ఊడి చేతికొస్తాయి. వాటిని పక్కన పెట్టేసినా, ఇంటివి రెండు ఉన్నాయి, సరిపోతాయి. ఎవరికీ ఏ హానీ లేదు. చెబితే మాత్రం షరతు షరతే. ఒక్క సీసా కూడా గడప దాటదు. సోమవారం ఇస్త్రీ హాలు. పైగా డెబ్భై ఏళ్ళ ముసలాయన తలెత్తుకోలేడు.

చెప్పకూడదనే ఆమె నిశ్చయించుకుంది.

అత్తగారు తడి జుట్టు విరబోసుకుని, చేతిలో సుద్దముక్కతో వచ్చింది. ఆఖరిది దిగిందా అని అడిగింది. స్నానాల గదిలోకి చప్పుడు వినిపించిందట.

"నలభై రెండూ దిగాయి," అంది ఆవిడే మళ్ళీ. వంగి, చివరి వరసలోని సీసా మీద సుద్దతో అడ్డగీత గీసింది. "ఇది మాత్రం హాస్టలుకి ఇవ్వకు. ఇంట్లో ఉంచుతాను. వచ్చే నెల వాడి పుట్టినరోజు. నా చేత్తో విప్పి వాడికి పెడతాను."

"అదే ఎందుకత్తయ్యా?"

"ఆలస్యంగా దిగింది కదా. అప్పుడూ ఒకటో రెండో ఇలాగే ఆలస్యంగా దిగేవి. తలుపు ఇవతల నుంచి వినేదాన్ని. ఆ చప్పుడుకి నాకు ఎంత ధైర్యం వచ్చేదో." ఆవిడ సుద్ద అంటిన వేళ్ళ కేసి చూసుకుంది. "నా చెయ్యి మంచిదేనని తెలియాలమ్మాయ్. వాడికి కాదు, నాకు తెలియాలి."

కోడలు ఆ చేతిని చూసింది. ఇరవై ఏడేళ్ళు ప్రతి పూటా చెంచా పట్టుకుని ముందు తను తిన్న చెయ్యి. ఇస్త్రీ హాలు గుర్తొచ్చింది, ఆవిరి గుర్తొచ్చింది. అయినా నోరు ఊరుకోలేదు.

"ఆ సీసా వద్దత్తయ్యా."

"ఏం, దానికేమొచ్చింది?"

ఆమె చూపు మామగారి మీదికి పోయింది. కిటికీ దగ్గర పత్రిక మడుస్తున్న చప్పుడైంది.

"నేను దింపింది అదేనా అమ్మా?" అని అడిగాడు మామగారు, పార్సిలు ఏ ఊరికి అని అడిగినంత మామూలుగా.

అత్తగారు ఆయన వైపు తిరిగింది.

"మీరు దింపడమేమిటి?"

"ఒక్కోటి మొండికేస్తుంది కదా. కాస్త నొక్కితే దిగుతుంది." ఆయన బొటనవేలు చూపించాడు. "అప్పుడూ నేనే కదా దింపేవాణ్ణి. నీకు చెప్పలేదూ?"

"లేదు," అంది అత్తగారు. "చెప్పలేదు."

సుద్దముక్క ఆవిడ చేతిలోంచి జారి బల్ల కింద పడింది. మామగారు ముందు భార్య మొహం చూశాడు, తర్వాత కోడలి మొహం చూశాడు. ఆ తర్వాత, ఏదో అర్థమవుతున్నట్టు, తన వేలినే చూసుకుంటూ ఉండిపోయాడు.

వీధి తలుపు గడియ తీసిన చప్పుడైంది. కొడుకు డ్యూటీ నుంచి వచ్చాడు. ఇన్నాళ్ళూ సీసా అంటేనే మొహం తిప్పుకున్న మనిషి, చెప్పులు విప్పుకుంటూనే వరండాలోంచి అడిగాడు.

"అమ్మా, ఎన్ని దిగాయి?"